పొదుపు సంఘము - పల్లె సంసారము

సహకారము మన పల్లెలకు క్రొత్త విషయము కాదు. నాట్లకాలమున ఒకరి మడికి ఒకరు బదులు పోవుట, పెండ్లింట చదివింపులు చదివించుట, నలుగురు కూడి చీటీ పాడుకొనుట, ఇవన్నియు సహకారములోనివే. అయితే ఈ సహకారము నోటిమాటపై నడచునది. చట్టమునకు లోబడి, లెక్కలు వ్రాసికొని, ఉమ్మడి సొమ్ము పోగుచేసి, ఆ సొమ్ముతో ఇంటిపనియే గాక ఊరిపనియు చక్కబెట్టుకొనుట వేరొక విద్య. ఈ విద్యను నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల స్త్రీలు ఏ విధముగా నేర్చిరో, అందులో వారికి కలిగిన లాభమేమో, ఇంకను తీరని చిక్కు ఏమో ఇచట వివరింప తలచితిమి.

మొదట కొంత పూర్వకథ చెప్పక తప్పదు. ఇంగ్లండులోని రాచ్‌డేలు నేతపనివారు 1844లో ఉమ్మడి దుకాణము తెరచిరి. తరువాత జర్మనీలో రైఫైజెను అను పెద్దమనిషి రైతుల పరపతి సంఘములను నెలకొల్పెను. ఆ జర్మను పద్ధతిని పరిశీలించి మన మద్రాసు రాజధానికి అది తగునా అని నివేదిక వ్రాసినవాడు ఫ్రెడరిక్ నికల్సను. ఆయన నివేదిక 1895లోను 1897లోను రెండు సంపుటములుగా వెలువడినది. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. ఆ తరువాత అరువదేండ్లలో మన జిల్లాలలో పరపతి సంఘము లేని ఫిర్కా అరుదయ్యెను.

అయినను ఆ సంఘములలో స్త్రీ కనబడదు. కారణము స్పష్టము. అప్పు పుట్టవలెనన్న పట్టా కావలెను; పట్టా మగవాని పేర ఉండును. చేనిలో కలుపు తీయునది, కుప్ప నూర్చునది, గింజను గాదెకు చేర్చునది స్త్రీయే అయినను, సంఘపు పుస్తకములో ఆమె పేరు వ్రాయుటకు చోటు లేకపోయెను. ఆమెకు అవసరము వచ్చినపుడు దిక్కు ఊరి వడ్డీవ్యాపారి. కాదన్న మెడలోని పుస్తె.

1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకములు దేశమంతట ప్రారంభమైనవి. మొదటి విడతలో 55 కేంద్రములు ఏర్పడినవి. మరుసటి సంవత్సరము దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి వెలసినది. గ్రామసేవికలు పల్లెలకు వచ్చిరి. మహిళా మండలులు ఏర్పడినవి. కుట్టుపని, శిశుపోషణ, అక్షరములు నేర్పిరి. ఆ పనిని మేము తక్కువ చేయము. కాని ఆ మండలులకు డబ్బు పైనుండి వచ్చెడిది. గ్రాంటు వచ్చినంత కాలము నడచి, అది నిలిచిననాడు అనేకచోట్ల కుట్టుమిషనుపై దుమ్ము పేరుకొన్నది. సొంత సొమ్ము లేని సంఘమునకు సొంత మాట ఉండదు. ఈ సంగతి తెలియుటకు మనకు మరి నలుబదేండ్లు పట్టినది.

ఇక ప్రాంతమును గూర్చి. కర్నూలు నుండి కడపకు పోవు రాజమార్గమున ఓర్వకల్లు, పాణ్యము, నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమఱ్ఱి వరుసగా తగులును. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల ప్రత్యేక జిల్లా అయినది. ఆళ్ళగడ్డ అందులో చేరినది. ఓర్వకల్లు కర్నూలు జిల్లాలోనే నిలిచినది. తూర్పున నల్లమల కొండలు, నడుమ కుందూనది లోయ. పందొమ్మిదవ శతాబ్దమున ఒక ఇంగ్లీషు కంపెనీ త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ, జనుల నోట కె.సి. కెనాలు, ఈ లోయను తడుపుచు పోవును. కాలువక్రింద వరి; కాలువ ఎక్కని రేగడిలో జొన్న, ప్రత్తి, శనగ. ఆళ్ళగడ్డ అనగానే శిల్పులును, అహోబిలపు నరసింహస్వామియు తలపునకు వత్తురు. కాని ఆ ఊళ్ళ సంసారము నడుపునది మాత్రము వానయు, కాలువయు, కూలియు.

ఈ భేదము పొదుపు సంఘము విషయమున చాల ముఖ్యమైనది. కాలువక్రింది గ్రామములో నాట్లకు, కలుపునకు, కోతకు స్త్రీకి పని దొరకును. ఆమె నెలనెలా కొంత దాచగలదు. రేగడి గ్రామములో శనగ పీకు దినములలో చేతినిండ డబ్బు, ఆపైన నెలల తరబడి చేయి వట్టిది. ఒకే నియమము రెండు గ్రామములకును విధించిన రెండవది తప్పక వెనుకబడును. పట్టణమున కూర్చుండి పథకములు వ్రాయువారు ఈ సంగతిని తరచు మరతురు.

స్త్రీల పొదుపునకు తెలుగునాట పెద్ద ఊపు వచ్చినది నెల్లూరు జిల్లా దూబగుంట నుండి. అక్షరదీపము తరగతులలో చదువు నేర్చుచున్న స్త్రీలు 1991–92 సంవత్సరములలో సారాయి దుకాణము మూయించిరి. ఆ కదలిక జిల్లా దాటి రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారాయి నిషేధింపబడినది. దుకాణమునకు పోవలసిన డబ్బు ఇంట మిగిలినది కదా, రోజునకొక రూపాయి దాచుకొందమని అక్కడి స్త్రీలు పొదుపులక్ష్మి సంఘములుగా ఏర్పడిరి. కోపముతో పుట్టిన ఉద్యమము లెక్కల పుస్తకముగా మారుట చరిత్రలో తరచు కనిపించునది కాదు. 1992లోనే వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు, అనగా నాబార్డు, ఇట్టి చిన్న సంఘములకు బ్యాంకుల ద్వారా అప్పులిప్పించు ప్రయత్నమును 500 సంఘములతో మొదలుపెట్టినది.

మన ప్రాంతమునకు దారి చూపినది ఓర్వకల్లు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ 1990వ దశకపు ఉత్తరార్ధమున దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమమును ఆంధ్రప్రదేశమున కర్నూలు, మహబూబునగరము, అనంతపురము జిల్లాలలో నడపినది. ఆ కార్యక్రమము చేపట్టిన మండలములలో ఓర్వకల్లు ఒకటి. రాళ్ళు, ఎఱ్ఱనేలలు, అరకొర వాన గల మండలమది. అచటి చిన్న చిన్న సంఘములు కూడి మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘముగా ఏర్పడినవి. ఆ సంఘము అప్పులిచ్చి వసూలు చేయుటతో తృప్తిపడలేదు. కూలికి పోవుచున్న పిల్లలను బడికి పంపుటను తన పనిగా పెట్టుకొన్నది. బాలభారతి అను పాఠశాలను తానే నెలకొల్పి నడపినది. వేలిముద్ర వేసిన తల్లులు తమ సొమ్ముతో బడి కట్టుకొనిరన్న వార్త నంద్యాల వైపునకు చేరుటకు ఎంతో కాలము పట్టలేదు.

ఇక సంఘము నడచు తీరు. పది మొదలు పదునైదుగురు స్త్రీలు, ఒక వీధివారు, ఒకరి నొకరు ఎరిగినవారు, ఒక సంఘమగుదురు. నియమములు అయిదు: క్రమముగా సమావేశమగుట, క్రమముగా పొదుపు చేయుట, ఆ పొదుపునుండి తమలో తాము అప్పులిచ్చికొనుట, తీసికొన్న అప్పు గడువునకు చెల్లించుట, పుస్తకములు సరిగా వ్రాయుట. వినుటకు ఇవి పిల్లల పాఠమువలె ఉన్నను, వీనిలో ఏ ఒక్కటి తప్పినను తక్కిన నాలుగును నిలువవు.

ఉదాహరణకు పన్నెండుగురు స్త్రీలు నెలకు నూరు రూపాయల చొప్పున దాచిరనుకొందము. నెలకు 1,200, సంవత్సరమునకు 14,400 రూపాయలు. ఇందులో ఒకామె బిడ్డ వైద్యమునకు పదివేలు తీసికొన్నది. ఊరి వ్యాపారివద్ద నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీయైన, ఏడాదికి 3,600 రూపాయలు వడ్డీకే పోవును. సంఘమున రూపాయి వడ్డీయైన 1,200. ఆమెకు మిగిలినది 2,400 రూపాయలు. అంతకు మించిన సంగతి మరియొకటి కలదు. ఆ 1,200 రూపాయలు వ్యాపారి ఇనుపపెట్టెలోనికి గాక సంఘపు నిధిలోనికే వచ్చును. అనగా అప్పు తీసికొన్న ఆమెకును అందులో పన్నెండవ భాగమున్నది. తన వడ్డీలో తనకే వాటా ఉండుట వ్యాపారివద్ద ఏనాటికైనను సాధ్యమా?

ఆరు నెలలు ఈ విధముగా నడచిన సంఘమునకు బ్యాంకు అప్పిచ్చును. పొదుపునకు ఇన్ని రెట్లని లెక్క కలదు. పొలము కుదువ పెట్టనక్కరలేదు, సంఘమే జామీను. ఇట్టి సంఘములు ఒక ఊరిలో పది ఇరువది కలిసిన గ్రామ సమాఖ్య, గ్రామ సమాఖ్యలు కూడిన మండల సమాఖ్య, వానిపైన జిల్లా సమాఖ్య. రాష్ట్రప్రభుత్వము 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థను స్థాపించి వెలుగు పథకమును మొదట ఆరు జిల్లాలలోను, 2003 నుండి కర్నూలుతో సహా తక్కిన జిల్లాలలోను నడపినది. తరువాత దానికి ఇందిరా క్రాంతి పథమని పేరు వచ్చినది. పేరు మారుచుండును, పుస్తకము వ్రాయు పద్ధతి మాత్రము మారలేదు.

సంఘమునకు సమాఖ్య ఎందుకని కొందరడుగుదురు. ఒక సంఘమునకు సాధ్యము కానిది పది సంఘములకు సాధ్యమగునన్నదే ఉత్తరము. బియ్యము సంగతి చూడుడు. కూలి స్త్రీ కిలో, రెండు కిలోలు కొట్టులో అరువుతెచ్చుకొనిన ధర హెచ్చు, తూకము తక్కువ. గ్రామ సమాఖ్య సభ్యులందరికి కావలసినదెంతో ముందే లెక్కవేసి బస్తాలుగా ఒక్కసారి కొని పంచి, ధరను వాయిదాలుగా వసూలు చేసికొన్నది. పంట అమ్మకములోను ఇదే తీరు. చిన్నరైతు రెండు బస్తాల కందులను సంతకు మోసికొనిపోయిన, తేమ అని కొంత, తరుగని కొంత, దళారికి కొంత పోవును. ఊరిలోనే సమాఖ్య కాటా పెట్టి, తూచు పనిని చదువుకొన్న సభ్యురాలికి అప్పగించిన ఈ కోతలు తగ్గును. కాటాముందు కూర్చున్నది తమ వీధి ఆడకూతురైనపుడు తూకపు ముల్లును చూచి అడుగుటకు ఎవరికిని భయముండదు.

బీమా పని మరింత మెచ్చదగినది. పేదయింట సంపాదించువాడు కన్నుమూసిన, బీమా ఉన్నదని తెలియకయో, కాగితములు దొరకకయో ఆ డబ్బు రాకపోవుట పరిపాటి. జిల్లా సమాఖ్యలు బీమామిత్ర అను పేర స్త్రీలను నియమించినవి. చావువార్త అందిననాడే బీమామిత్ర ఆ ఇంటికి పోయి, అంత్యక్రియలకు 5,000 రూపాయలు చేతిలో పెట్టి, తరువాత కాగితములన్నియు తానే సమకూర్చెడిది. ఇన్సూరెన్సు కార్యాలయము మెట్లు ఎక్కి ఎరుగని ఇల్లాలికి ఇదెంత అండయో వేరుగ చెప్పనక్కరలేదు. గర్భిణులకు, బాలింతలకు భోజనము పెట్టు పోషకాహార కేంద్రములును కొన్ని గ్రామ సమాఖ్యలు నడపినవి. ఈ కేంద్రములలో వంటయింటి మాట నెగ్గెను. ఏ పప్పు ఎంత, ఏ ఆకుకూర ఎన్నడు అన్నది వండు స్త్రీలే నిర్ణయించుకొనిరి.

పాడి గురించి ఒక మాట. ఈ ప్రాంతపు స్త్రీ అప్పు తీసికొని ఏమి కొనునన్న, మొదట గేదె. దీనికి కారణము వేరు వెదకనక్కరలేదు. పంట డబ్బు ఏటికొకసారియో రెండుసార్లో వచ్చును. బ్యాంకు కిస్తీ నెలనెలా కట్టవలెను. పాలబిల్లు మాత్రము పక్షమునకో పది దినములకో వచ్చును. కిస్తీకిని పాలబిల్లుకును కాలము కుదిరినట్లు కిస్తీకిని శనగపంటకును కుదరదు. నంద్యాలలో జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సమాఖ్య డెయిరీ ఉండుటయు ఇందుకు తోడ్పడినది. స్త్రీలే యజమానులుగా పూర్తి డెయిరీని నడపవచ్చునా అని సందేహించువారికి ముల్కనూరు జవాబు. పూర్వపు కరీంనగరము జిల్లాలోని ఆ గ్రామమున 1956లో విశ్వనాథరెడ్డి నెలకొల్పిన సహకార బ్యాంకు ప్రసిద్ధము. దాని నీడలోనే 2000లో మహిళా పాల ఉత్పత్తిదారుల సంఘము పుట్టి, స్వకృషి అను పేరుతో పాలు అమ్ముచున్నది.

ఇచట చట్టమును గూర్చి చెప్పవలెను. విషయము కొంత ఎండుగా ఉన్నను, స్త్రీల సొమ్ము ఎవరిదన్న ప్రశ్న దీనిపైననే ఆధారపడియున్నది. 1964నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘముల చట్టము ప్రకారము ప్రభుత్వము సంఘమున వాటాధనము పెట్టవచ్చును. పాలకవర్గమును రద్దుచేసి తన అధికారిని కూర్చుండబెట్టవచ్చును. సభ్యులు పేరునకు యజమానులు. ఈ తీరును మార్చుటకై 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము చేయబడినది. ఇట్టి చట్టము దేశములో మొదట మన రాష్ట్రముననే వచ్చినది. దీని క్రింద ప్రభుత్వపు వాటాధనముండదు. నియమావళి సభ్యులే వ్రాసికొందురు. లెక్కలు సకాలమున తనిఖీ చేయించి సర్వసభ్య సమావేశమున పెట్టవలెను. నష్టము వచ్చిన పాలకవర్గమే జవాబుదారి. గ్రామ, మండల సమాఖ్యలు ఎక్కువగా ఈ చట్టము క్రిందనే రిజిస్టరు అయినవి.

ఈ స్వేచ్ఛ సులభముగా నిలువలేదు. 2006లో ప్రభుత్వము ఈ చట్టము క్రిందనున్న పాల సంఘములను మరల పాత చట్టము క్రిందికి తేదలచినది. సంఘములు న్యాయస్థానమునకు పోయినవి. హైకోర్టు ప్రభుత్వపు మార్పును కొట్టివేసినది. 2011లో సుప్రీముకోర్టు ఆ తీర్పును స్థిరపరచినది. సభ్యులు తమ ఇష్టముతో చేరిన సంఘపు స్వరూపమును వారి సమ్మతి లేక మార్చరాదన్నది అందలి ముఖ్యాంశము. పాలు పోయు ఇల్లాలు ఆ తీర్పును చదివియుండదు. కాని ఆమె పాలకేంద్రపు యాజమాన్యము ఆ తీర్పుపైననే నిలిచియున్నది.

చట్టము వ్రాతలో స్వేచ్ఛ ఉన్నను, ఆచరణలో ప్రభుత్వపు చేయి సంఘముపైనుండి తొలగలేదు. ఇచట మా అభిప్రాయమును దాచము. 2004లో పావలా వడ్డీ వచ్చినది; అనగా నూటికి సంవత్సరమునకు మూడు రూపాయలకు మించిన వడ్డీని ప్రభుత్వము భరించును. 2012 నుండి సకాలమున చెల్లించువారికి అసలే వడ్డీ లేదు. ఇది మేలే. కాని 2014 ఎన్నికలలో అప్పు మొత్తము మాఫీ అగునన్న వాగ్దానము విని అనేక సంఘములు కిస్తీలు ఆపినవి. తుదకు మాఫీ గాక సభ్యురాలికి 10,000 రూపాయల చొప్పున విడతలుగా మూలధనమని ఇచ్చిరి. ఆలోపల అనేక సంఘముల ఖాతాలు బ్యాంకులో మొండిబకాయిలై కూర్చున్నవి. 2020లో మరియొక ప్రభుత్వము 2019 ఏప్రిల్ 11 నాటి అప్పునిలువను నాలుగు విడతలలో తిరిగి ఇచ్చు పథకము తెచ్చినది. ఇచ్చినవారిని నిందింపము. కాని ఏండ్ల తరబడి గడువు తప్పక చెల్లించుటయే గౌరవమని నేర్చిన స్త్రీకి, చెల్లించనివారికే లాభమను పాఠము చెప్పిన సంఘమునకు వెన్నెముక విరిగినట్లే.

బయటి అప్పు వేరొక దెబ్బ. సంఘములు బాగుగా చెల్లించుట చూచి సూక్ష్మరుణ కంపెనీలు పల్లెలలో దిగినవి. వారము వారము కిస్తీ. ఒక కంపెనీ అప్పు తీర్చుటకు మరియొక కంపెనీ అప్పు. వసూలుదార్ల ఒత్తిడి ప్రాణములు తీయువరకు పోవుటచే 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము అత్యవసర శాసనము తెచ్చి వారిని అదుపుచేసినది. ఆ మరుసటి ఏడు స్త్రీనిధి అను పరపతి సమాఖ్య ఏర్పడినది; మండల సమాఖ్యలే దాని సభ్యులు. అత్యవసరమున త్వరగా చిన్న అప్పు దొరకుట దాని ఉద్దేశము. ఆసుపత్రి ఖర్చు వారము దినములు ఆగదు. సంఘము ఆలస్యము చేసిన స్త్రీ కంపెనీ గుమ్మమునకే పోవును. కనుక సంఘములో క్రమశిక్షణ ఎంత అవసరమో, త్వరయు అంతే అవసరము.

సంఘములలో ఎవరు లేరన్నదియు గమనింపవలెను. సుగ్గి ముగిసినంతనే గుంటూరు వైపు మిరపకోతకు వలసపోవు కుటుంబపు స్త్రీ సమావేశములకు రాలేదు. నాలుగు సమావేశములు తప్పిన ఆమె పేరు కొట్టివేయబడును. నల్లమల అంచున నుండు చెంచు స్త్రీలకు నెలనెలా ఒకే మొత్తము దాచు నియమము వారి బ్రతుకునకు సరిపడదు. పరస్పర జామీను అన్నప్పుడు చెల్లింపజాలదనుకొన్న పొరుగామెను చేర్చుకొనుటకు తక్కినవారు వెనుదీయుదురు. ఎవరికై సంఘము పుట్టినదో వారే తలుపువెలుపల నిలువవలసివచ్చుట విచారకరము. కొన్ని సమాఖ్యలు కడుపేదల సంఘములకు వేరు గడువులు, వేరు మొత్తములు నిర్ణయించినవి. ఈ పద్ధతి ఇంకను హెచ్చవలెను.

పుస్తకము వ్రాయు అమ్మాయి సంగతి ఎవరును తలపరు. పది సంఘముల లెక్కలు ఆమె చేతిలో నుండును. జీతము స్వల్పము, అదియు ఆలస్యము. ఆమె పెండ్లియై అత్తవారింటికి పోయిన నెలలో లెక్క నిలుచును. లెక్క నిలిచిన సంఘమున అనుమానము మొలచును. సంఘములు చెడినచోట తగవు మొదలైనది పెద్ద మోసముతో గాక, వ్రాయని రెండు నెలల పద్దుతోనేనని ఈ పనిలోనివారు చెప్పుదురు.

తుదకు శనగపంట. నంద్యాల వ్యవసాయ పరిశోధనాస్థానము 1906 నాటిది. రేగడి రైతునకు అది చేసిన మేలు చాల. ఇటీవల అచటినుండి వచ్చిన నంద్యాల శనగ 47, అనగా ధీర, అను రకము నిటారుగా ఎత్తుగా పెరిగి యంత్రముతో కోయుటకు అనువైనది. రైతునకు కూలిఖర్చు తగ్గినది, మంచిదే. కాని శనగ పీకుట స్త్రీల కూలి. ఆళ్ళగడ్డ, ఉయ్యాలవాడ, దొర్నిపాడు రేగళ్ళలో ఏడాదికి సరిపడు పొదుపు ఆ కొద్ది వారములలోనే పుట్టెడిది. యంత్రము ఒక్క పూటలో ముగించిన చేనిలో ఆమెకు మిగిలినది పరిగ ఏరుకొనుటయే. యంత్రమును ఆపుమనుట మా ఉద్దేశము కాదు, అది ఆగదు. కాని ఆ యంత్రము ఎవరిదన్నది సంఘములు ఆలోచింపదగిన ప్రశ్న. పనిముట్లు కొని రైతులకు బాడుగకిచ్చుట సమాఖ్యకు అసాధ్యము కాదు. బ్యాంకు అప్పునకు దారియున్నది, చట్టము అడ్డురాదు. శనగను బేళ్ళుగా ఆడించి, పిండి విసరి అమ్మిన మరికొందరు స్త్రీలకు ఊరిలోనే పని దొరకును. గేదె కొనుటకు కిస్తీ లెక్కవేసిన చేతులే ఈ లెక్కయు వేయవలసియున్నది. కోత మాఘ ఫాల్గుణములలో వచ్చును గనుక తీర్మానము కార్తిక మాసపు సమావేశముననే పుస్తకమున ఎక్కవలెను.